మా ఊళ్ళో ఎవరూ ఏదీ నమ్మరు

నేను ఏం చదువుతున్నానో మా ఊళ్ళో అందరికీ తెలుసు. కాకపోతే ఒక్కొక్కరికీ ఒక్కోలా తెలుసు. పాల కేంద్రం దగ్గర నేను బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. టీకొట్టు దగ్గర పిచ్చివాళ్ళ డాక్టరును కాబోతున్నాను. నాన్న తరఫు చుట్టాల లెక్కలో, చదువు ఎప్పుడో ఆగిపోయినా ఆ మాట బయటికి చెప్పుకోలేక హాస్టల్లో కాలక్షేపం చేస్తున్న అమ్మాయిని. నిజానికి నేను యూనివర్సిటీలో సామాజిక మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా అంశం కుట్ర సిద్ధాంతాల మీద నమ్మకం. జరిగిన ప్రతి చెడుకూ వెనకాల ఎవరో కొందరు కూర్చుని పన్నిన పన్నాగం ఉందని మనుషులు ఎందుకు నమ్ముతారు, ఎవరు నమ్ముతారు, ఎంత గట్టిగా నమ్ముతారు అన్నది నేను తేల్చాలి. ఈ సంగతి వినగానే మా ఊళ్ళో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, దీనికి నీకు డబ్బులు ఎవరిస్తన్నారు అని. నా పరిశోధన సరిగ్గా అక్కడే మొదలవ్వాలి. నేనేమో సరిగ్గా అక్కడే తల దించుకొని ఇంట్లోకి వెళ్ళిపోతాను.

నాకు మనుషులతో మాట్లాడటం రాదు. సిగ్గు అన్నది దానికి పెద్దవాళ్ళు ముద్దుగా పెట్టిన పేరు. ఆటోలో నేను దిగాల్సిన చోటు వచ్చినా ఆపమని అడగలేక, ఆ తర్వాత ఇంకెవరో దిగేదాకా కూర్చుని, అక్కడ్నుంచి వెనక్కి నడిచి వచ్చే రకం నేను. మాట్లాడాల్సిన చోట ఒక్క మాటా రాదు, ఇంటికి వచ్చాక డైరీలో పేజీలకు పేజీలు వస్తాయి. పరిశోధన అంటే లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చుని పుస్తకాలు చదువుకోవడమని నమ్మి ఈ దారిలోకి వచ్చాను. ఆ నమ్మకానికి ఆధారమేమీ లేదు. సబ్జెక్టు పేరులోనే ‘సామాజిక’ అని రాసి ఉన్నా, చేరేటప్పుడు ఆ మాట నా కంట పడలేదు.

పని ఎంతవరకు వచ్చిందో మేము ఏటా ఒక కమిటీ ముందు నిలబడి చెప్పాలి. పోయినసారి నేను లేచి, మొదటి స్లైడు వేసి, దానిమీద ఉన్నదున్నట్టు చదివి, రెండో స్లైడు దగ్గర ఆగిపోయాను. తర్వాత కాసేపు అందరం కలిసి ఏసీ శబ్దం విన్నాం. ముగ్గురు ప్రొఫెసర్లలో ఒకాయన మర్యాదగా మంచినీళ్ళు తాగమన్నాడు. తాగాను. మాట మాత్రం రాలేదు. ‘పురోగతి సంతృప్తికరంగా లేదు’ అని కాగితం మీద రాసి పంపించారు.

మా గైడు సారు మంచివాడు. నన్ను తన గదిలో కూర్చోబెట్టి, వచ్చే కమిటీ నాటికి నా చేతిలో నేను స్వయంగా తెచ్చిన జవాబులు లేకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారని, ఇక తన చేతిలో ఏమీ లేదని మెల్లగా చెప్పాడు. మీ ఊరికే వెళ్ళు, నీవాళ్ళతో మాట్లాడటానికి భయమేముంది అన్నాడు. నావాళ్ళతో మాట్లాడటమే అన్నిటికంటే కష్టమని ఆయనతో చెప్పాల్సింది. ఆయన కూడా మనిషే కాబట్టి చెప్పలేకపోయాను.

అమ్మకు ఫోన్లో విషయం క్లుప్తంగా చెప్పాను. ఊళ్ళోవాళ్ళను కొన్ని ప్రశ్నలు అడగాలి, వాళ్ళు చెప్పిన జవాబులు సారుకు ఇవ్వాలి, ఈసారి కూడా బాగాలేదంటే నా చదువు అయిపోయినట్టే. అమ్మ అంతా వింది. తర్వాత ఒక్క ప్రశ్న అడిగింది.

“అంటే మనోళ్ళు చెప్పేదాన్ని బట్టే నువ్వు పాసవుతావా?”

ఒకరకంగా అంతే అన్నాను. ఎప్పుడూ మాట్లాడనిదాన్ని, మాట్లాడిన ఆ రెండు మాటలైనా చూసుకొని మాట్లాడాల్సింది.

మా ఊరు గురజాల నుంచి ఆటోలో అరగంట. నేను వెళ్ళేటప్పటికి మిరపకోతలు అయిపోవస్తున్నాయి. ఊరి చుట్టూ కల్లాల్లో కాయలు ఎండబోసి ఉన్నాయి. ఊళ్ళోకి అడుగు పెట్టగానే తుమ్ము వచ్చింది. మాటకంటే ముందు తుమ్ముతోనే ఊరిని పలకరించాను.

ప్రశ్నల కాగితం పట్టుకొని నేరుగా జనంలోకి వెళ్ళే ధైర్యం లేక, ముందు గదిలో తలుపేసుకొని అద్దం ముందు సాధన చేశాను. మిరప చేలమీద పడ్డ నల్ల తామర పురుగును మందుల కంపెనీలవాళ్ళే వదిలారు. మనకు రావాల్సిన వాన మబ్బుల్ని ఎవరో విమానాలతో చెదరగొడుతున్నారు. సెల్ టవర్లు పెట్టింది మాటల కోసం కాదు, మనుషుల ఆరోగ్యం చెడగొట్టడానికి. ఇలాంటివి ఒక్కొక్కటి చదివి, దీన్ని మీరు ఎంత నమ్ముతారు, ‘అస్సలు నమ్మను’ అయితే ఒకటి, ‘పూర్తిగా నమ్ముతాను’ అయితే అయిదు, మధ్యలో మీ ఇష్టం అని అద్దాన్ని అడిగేదాన్ని. అద్దం దగ్గర నేను చాలా బాగా మాట్లాడతాను. తలుపు అవతల అమ్మ అదే వసారాను పదే పదే ఊడుస్తూ ఉండటం వినిపించేది. మా ఇంట్లో శుభ్రత పెరిగిందనుకున్నాను.

అందరికంటే ముందు ఎదురింటి మామయ్య దగ్గరికి వెళ్ళాలని ఎప్పుడో నిర్ణయించుకున్నాను. చుట్టరికమేమీ లేదు, చిన్నప్పటినుంచీ మామయ్య అంటాను. ఆయనదీ మా నాన్నదీ చెరో పార్టీ. పంచాయతీ ఎన్నికలప్పటినుంచి ఇద్దరూ మాట్లాడుకోరు. అత్తా అమ్మా మాత్రం ఏ పార్టీకీ చెందని కూరగిన్నెలు అటూ ఇటూ పంపుకుంటారు. మామయ్య మా మండలంలోనే అతిపెద్ద నిపుణుడు. సాయంత్రం కరెంటు పోతే అది ఎవరు తీశారో, ఎందుకు తీశారో, దానివల్ల ఎవరికి లాభమో మళ్ళీ కరెంటు వచ్చేలోపే వివరించగలడు. ఈ అంశాన్ని అంతర్జాతీయ పరిశోధనలు చదివి ఎంచుకున్నానని దరఖాస్తులో రాశాను గానీ, ఎంచుకున్నది ఆయన వసారాలోంచి వినపడే ఉపన్యాసాలు వినే. ఆయన ఒక్కడు నోరు విప్పితే నా మూడో అధ్యాయం పూర్తవుతుంది.

నేను వెళ్ళేసరికి మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. అత్త పళ్ళెంలో మంచినీళ్ళు తెచ్చింది. ఎవరో అధికారి వచ్చినట్టుంది వ్యవహారం. కాగితం చూసుకుంటూ నల్ల పురుగు ప్రశ్న అడిగాను. ఆ పురుగును ఏ దేశంలో పెంచి, ఏ పెట్టెల్లో తెచ్చి, ఏ చేలో మొదట వదిలారో పోయిన ఏడాది వీధంతా వినేలా చెప్పిన మనిషి ఆయన.

“నమ్మను. ఆధారం లేకుండా ఏదీ నమ్మకూడదమ్మాయ్,” అన్నాడు.

మబ్బుల గురించి అడిగాను. నమ్మను. టవరు గురించి అడిగాను. నమ్మను. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో ఛార్జింగులో ఉన్న ఆయన ఫోన్లోంచి, మనం తినే ఉప్పులో ఏం కలుపుతున్నారో ప్రభుత్వాలు దాస్తున్నాయని ఒక గొంతు గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది. మామయ్య కదల్లేదు. అత్తే లేచి వెళ్ళి దాని నోరు మూయించింది. ఉప్పు గురించి అడిగాను. నమ్మను అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా.

అక్కడ్నుంచి ఊరంతా అదే కథ. పాల కేంద్రం దగ్గర నమ్మరు. ఆటోస్టాండులో నమ్మరు. టీకొట్టులో, పేపరు చదవకముందే అందులోది అబద్ధమని చెప్పే మనుషులు, చేతులు కట్టుకొని, ఆధారం లేకుండా ఏదీ నమ్మకూడదని వరసగా అప్పజెప్పారు. మా వీధి చివరి నాయనమ్మ అయితే నేను నోరు తెరవకముందే మొదలుపెట్టింది. నాయనమ్మా, ఇంకా ప్రశ్నల్లోకి పోలేదు, నీ వయసు అడుగుతున్నాను అన్నాను.

“నమ్మను తల్లీ,” అంది ఆమె.

నాకు కావాల్సినంత మంది దగ్గర్నుంచి జవాబులు వచ్చేశాయి. ఒక్కరు కూడా విసుక్కోలేదు, పో పొమ్మనలేదు. ఇంత సజావుగా నా జీవితంలో ఏ పనీ జరగలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. సిగ్గరులకు పని త్వరగా అయిపోవడం కంటే గొప్ప ఆధారం ఇంకోటి అక్కర్లేదు.

అనుమానం మా సారుకు వచ్చింది. జవాబులన్నీ చూసి ఫోన్ చేశాడు. ముందు కాస్త నవ్వాడు. ఇంత హేతుబద్ధమైన ఊరు ప్రపంచంలో ఇంకోటి ఉంటుందా, మనమిద్దరం అక్కడికే మకాం మారుద్దామా అని అడిగాడు. తర్వాత నవ్వు ఆపి అసలు మాట చెప్పాడు. వీళ్ళెవరూ జవాబు చెప్పలేదు, ఎవరో నేర్పింది చెప్పారు. ఇది కమిటీ ముందు పెడితే ఊళ్ళోకి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని నువ్వే నింపావంటారు. అప్పుడు రద్దయ్యేది రిజిస్ట్రేషన్ ఒక్కటే కాదు, నీ పేరు కూడా పోతుంది.

ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. నేర్పింది ఎవరు? కాగితాలు ముందేసుకుంటే జవాబు కళ్ళకు కట్టినట్టు కనపడింది. అందరి నోటా ఒకే వాక్యం. ఆ వాక్యం మొదట అన్నది మామయ్య. మామయ్యది మా నాన్నకు పడని పార్టీ. నేను చదువులో ఓడిపోయి ఇంటికొస్తే తలవంపులు ఎవరికి? నాన్నకు. లాభం ఎవరికి? నేను వెళ్ళేసరికి ఆయన ఇస్త్రీ చొక్కాతో ఎందుకు సిద్ధంగా ఉన్నాడు? నేను వస్తున్నానని ఆయనకు ముందే తెలుసు కాబట్టి. కళ్ళలోకి ఎందుకు చూడలేదు? తప్పు చేశాడు కాబట్టి. మంచినీళ్ళు పళ్ళెంలో ఎందుకు వచ్చాయి? అనుమానం రాకుండా ఉండటానికి. ఒక్క వివరం కూడా మిగలకుండా అన్నీ అతుక్కుపోయాయి.

కుట్రను నమ్మేవాళ్ళు ఎలా ఆలోచిస్తారో నా మొదటి అధ్యాయంలో నేనే రాశాను. వాళ్ళకు ఏదీ యాదృచ్ఛికం కాదు, ప్రతిదానికీ ఎవరికి లాభమన్నదే ప్రశ్న, చిన్న విషయాలన్నీ పెద్ద సాక్ష్యాలవుతాయి, విరుద్ధంగా ఉన్నది కూడా రుజువుగానే మారుతుంది అని. అంత స్పష్టంగా రాసిన మనిషిని, ఆ మంచం మీద ఆ సిద్ధాంతాన్ని అయిదుకు అయిదు నమ్మాను. పీహెచ్‌డీ పూర్తికాకపోయినా, ఈ జబ్బు అంటకుండా ఉండేంత చదువు ఉందనుకున్నాను గదా. అది కూడా ఆధారం లేని నమ్మకమే.

నమ్మి ఊరుకుంటే బాగుండేది. అన్నం తినేటప్పుడు నాన్నతో చెప్పాను. అరగంట పాటు ఓపిగ్గా ఒప్పించాల్సి వస్తుందనుకున్నాను. నాన్నకు అర వాక్యం చాలింది. కంచంలో చెయ్యి కడుక్కొని వాకిట్లోకి వెళ్ళి, మామయ్య వైపు చూడకుండా, రోడ్డుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. మాట్లాడుకోనివాళ్ళు పోట్లాడుకునే పద్ధతి మావైపు అదే. ఓట్లలో గెలవలేక కొందరు ఆడపిల్లల చదువుల మీద పడతన్నారని రోడ్డుకు చెప్పాడు. చేవ ఉంటే తనతో తేల్చుకోవాలని రోడ్డును సవాలు చేశాడు.

మామయ్య వసారాలోంచి లేచాడు. మామూలుగా అయితే రోడ్డు ఆయన వైపునుంచి కూడా చాలా విని ఉండేది. కానీ ఆయన మా గుమ్మం వైపు చూశాడు. అక్కడ అమ్మ చేతిలో గరిటెతో నిలబడి ఉంది. మామయ్య తెరిచిన నోరు మూసి, మళ్ళీ తెరిచాడు.

“నేను ఎవరి బిడ్డ చదువూ చెడగొట్టేవోణ్ణి కాదు,” అన్నాడు. అంతే, లోపలికి వెళ్ళిపోయాడు.

అంత మాటకారి తిరిగి ఒక్క మాట అనకపోవడం నాకు ఆఖరి రుజువు. తప్పు లేనివాడు ఊరుకుంటాడా? అమ్మ మాత్రం ఆ పూట అన్నం తినలేదు. దానికి కారణమేంటో ఆలోచించే తీరిక నాకు లేదు. కుట్ర విప్పుతున్న మనిషికి ఇంట్లో ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో కనపడదు.

మర్నాడు ఏం చేయాలో తెలియక మా కల్లానికి వెళ్ళాను. మా కల్లం పక్కనే మామయ్యవాళ్ళది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు పట్టాల మీద కూర్చుని తాలు ఏరుతున్నారు. ఎండిన కాయల్లోంచి తెల్లబారిన కాయలు, మచ్చ పడ్డ కాయలు తీసేసి, ఎర్రటివి ఒక పక్కకు నెట్టే పని. ముక్కుకు కొంగులు చుట్టుకొని ఉంటారు కాబట్టి ఎవరి మొహం ఎవరికీ కనపడదు. నేను కూడా చున్నీ చుట్టుకొని ఒక కుప్ప ముందు కూర్చున్నాను. అందరి కళ్ళూ కాయల మీద, అందరి చేతులూ కాయల మీద. ఎవరూ నా వైపు చూడటం లేదు, ఎవరూ నా జవాబు కోసం ఆగడం లేదు. నాకు తెలియకుండానే, ఘాటు బాగా ఉంది ఈసారి అన్నాను. ఎవరో అవునమ్మా అన్నారు. నా బతుకులో ఏ సాధనా లేకుండా నేనే మొదలుపెట్టిన సంభాషణ అదేనేమో.

ఆ తర్వాత నేనేమీ అడగలేదు, అన్నీ అవే వచ్చాయి. ఈసారి తాలు ఎక్కువ పడిందని ఒకామె అంది. నల్ల పురుగు వల్లేనని ఇంకొకామె అంది. ఆ పురుగు దానంతటది రాలేదని, ముందు పురుగును పంపి వెనకాలే మందు డబ్బా పంపారని, లేకపోతే పురుగు వచ్చిన వారానికే దాని పేరు రాసిన మందు కొట్టుకు ఎట్టా వచ్చిందని మొదటామె అడిగింది. మబ్బుల సంగతి వచ్చింది. టవరు సంగతి వచ్చింది. వాళ్ళంతా నా కాగితాల్లో ఒకటి, ఒకటి, ఒకటి అని చెప్పినవాళ్ళే. మూడో అధ్యాయం మొత్తం నా కళ్ళముందు తాలుకాయల్లో దొర్లుతోంది.

పక్క కల్లంలోంచి అత్త కూడా వచ్చి కూర్చుంది. రాత్రి వాళ్ళాయన్ని రోడ్డుకు ఈడ్చినవాళ్ళ కల్లంలోకి ఆమె ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. నేను తల ఎత్తకుండా, మరి మొన్న నేను అడిగితే అందరూ ‘నమ్మం’ అన్నారే అన్నాను. చేతులన్నీ ఒక్కసారి ఆగాయి. ఎవరో తుమ్మారు.

“ఏమే, నీ పరీచ్చకు ఏం చెప్పాలో అదే గదా చెప్పాం,” అంది అత్త. “తప్పయిందా? మార్కులు తగ్గినయ్యా?”

ఇది ఎవరు చెప్పమన్నారని అడిగాను.

“ఇంకెవరు, మీ అమ్మ. ఇంటింటికీ తిరిగి చెప్పుకొచ్చిందిగా, పిల్లకు నోరు లేదు, మనం సరిగ్గా చెప్తేనే పాసైద్దంట అని. సరైన జవాబు ఏందో దానికి తెలవక మీ మామయ్యను అడిగింది. ఆయన ఒక పూటంతా ఆలోచించి, చదువుకున్నోళ్ళు ఏదీ నమ్మరు, అన్నిటికీ నమ్మననే చెప్పండి అన్నాడు. పాపం ఆయనకు చానా కష్టమైంది అట్టా చెప్పటం. రాత్రి మీ నాన్న అన్ని మాటలన్నా, మీ అమ్మకు మాటిచ్చాడని గమ్మునున్నాడు.”

మావైపు పదో తరగతి పరీక్ష ఒక్కరు రాసేది కాదు. లోపల పిల్ల రాస్తుంటే బయట గోడ పక్కన అన్న, బాబాయి, మేనమామ నిలబడి ఉంటారు. లెక్క వచ్చినవాడు లెక్క చేసి ఇస్తాడు, గోడ ఎక్కగలిగినవాడు గోడ ఎక్కుతాడు. పిల్ల పాసైతే ఇంటిల్లిపాదీ పాసైనట్టు. నాకు మాత్రం అప్పట్లో ఎవరూ అందించలేదు, అందిస్తే తీసుకోవడానికి కూడా సిగ్గుపడతానని అందరికీ తెలుసు. ఆ బాకీ ఇన్నాళ్ళకు అమ్మ తీర్చింది. అద్దం ముందు నేను చదివిన ప్రశ్నలు తలుపు బయట చీపురు పట్టుకొని విని, ఊరందరికీ జవాబులు అందించింది.

అంటే కుట్ర ఉంది. కుట్రదారులు ఉన్నారు. రహస్య సమావేశాలు జరిగాయి, రెండు పార్టీలూ చేతులు కలిపాయి, ఊరు ఊరంతా ఒకే మాట మీద నిలబడింది. కుట్రల గురించి చదివేదాన్ని, నా చుట్టూ అల్లిన కుట్రలో వారాలపాటు తిరిగి, కుట్రదారుణ్ణి కూడా దాదాపు సరిగ్గానే పట్టుకున్నాను. ఉద్దేశం ఒక్కటే తప్పు చెప్పాను. నన్ను పడగొట్టడానికని అనుకున్నాను. కిందనుంచి ఎత్తి పట్టుకోవడానికట.

ఇంటికి వెళ్ళే దారిలో మామయ్యవాళ్ళ గేటు దగ్గర ఆగాను. ఆయన పేపరు చదువుతున్నాడు. మామయ్యా అని పిలిచి, ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను. ఆయన పేపరు దించకుండానే, మీ నాన్నకు మాత్రం చెప్పబాక, ఆయన నామీద అట్టా అరవటం నాకు వచ్చే ఎన్నికల్లో పనికొస్తది అన్నాడు.

అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. నేను ఎదురుగా కూర్చుని రెండు కాడలు అందుకున్నాను. తెలిసిపోయిందన్నాను. అమ్మ ఆకులు తుంచడం ఆపలేదు.

“నీకు నోరు లేదు. నీ బదులు ఊరు మాట్లాడితే ఏం పోయింది?”

ఆ జవాబులు పనికిరావని, వీటిల్లో సరైనది, తప్పుది అని ఉండదని, ఎవరేది నమ్మితే అది చెప్పడమే నాకు కావాలని, ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలని చెప్పాను. అమ్మ మొహం చిన్నబోయింది. నేను ఫెయిలవడానికి కారణం తానేనా అని అడగలేదు గానీ, గోంగూర కాడల్ని ఆకుల గిన్నెలో, ఆకుల్ని చెత్తలో వేయడం మొదలుపెట్టింది. చూడలేక, సరే, ఇప్పుడు నిన్నే అడుగుతాను, మామయ్య చెప్పింది కాకుండా నువ్వు నిజంగా నమ్మేది ఒక్కటి చెప్పు, ఎవరూ దిద్దరు అన్నాను.

అమ్మ చెత్తలో పడ్డ ఆకుల్ని ఏరి మళ్ళీ గిన్నెలో వేయడం మొదలుపెట్టింది. తప్పించుకుందనుకున్నాను.

“నీకు మాట పోయింది బడిలో వేసిన సూది వల్ల,” అంది.

నేను కాడ వలవడం ఆపేశాను.

“రెండో తరగతిలో. అప్పటిదాకా నీ నోటికి తాళం ఉండేది కాదు. పాలోడితో, చాకలామెతో, దారినపోయే బస్సుతో కూడా మాట్లాడేదానివి. సూదులమ్మ వచ్చి పిల్లలందరికీ పొడిచిపోయింది. నీకు జెరం వచ్చింది. జెరం తగ్గాక లేచావు, మాట తగ్గిపోయింది. అందరికీ ఒకటే మందు ఇచ్చారంట. నేను నమ్మను. మన పిల్లకు వేరేది ఇచ్చారు. బాగా చదివే పిల్లను చూసి ఇచ్చారు.”

ఇన్నేళ్ళనుంచీ ఆరోగ్యకేంద్రం నర్సు మా వీధిలోకి వస్తే అమ్మ ఎందుకు లోపలికి వెళ్ళిపోతుందో అప్పుడు తెలిసింది. నేను పుస్తకాల్లో చదివిందంతా ఒక్కసారి నోటిదాకా వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణం కాదు. ఆ సూది ఆ రోజు క్లాసంతా వేయించుకుంది, మిగతావాళ్ళంతా ఇప్పుడు టీకొట్టులో అరుస్తూనే ఉన్నారు. అదీగాక ఆ ఏడు ఏం జరిగిందో నాకు గుర్తుంది. ఆ ఏడే నాకు పెదవులు కదపకుండా చదవడం వచ్చింది. కొట్టు నుంచి పంచదార కట్టి ఇచ్చిన కాగితం విప్పి లోపల్లోపలే చదువుకుంటూ కూర్చుంటే, మాట్లాడటానికి తీరిక ఉండేది కాదు. అదే చెప్పాను.

“చదువొస్తే మాటలు పెరగాలి గానీ తగ్గుతయ్యా?” అంది అమ్మ. సిద్ధాంతం చెక్కుచెదరలేదు.

ఎంత నమ్ముతున్నావు, ఒకటినుంచి అయిదులో, అని అడిగాను. నా గొంతు అద్దం ముందున్నట్టు లేదు.

“అయిదు. రాసుకో,” అంది. “ఇది మీ సారోళ్ళకు చెప్పు. పిల్ల మాట్లాడలేకపోవటం దాని తప్పు కాదు, దానికేమీ తక్కువ లేదు, సూది వల్లని చెప్పు. పేరు రాయకపోతే మానె, ఈ సంగతి మాత్రం తీసెయ్యబాక.”

అమ్మకు ఆ నమ్మకం ఎందుకు కావాలో అర్థం చేసుకోవడానికి నాకు మొదటి అధ్యాయం చూడాల్సిన పని లేకపోయింది. ఎవరో ఏదో చేసి ఉండాలి. లేకపోతే పిల్ల అట్లా ఉండటానికి కారణం పిల్లే అవుతుంది, లేదా తల్లి అవుతుంది. ఆ రెండింటికంటే సూదులమ్మ మేలు.

పాత జవాబులన్నీ పక్కన పడేశాను. మళ్ళీ కల్లానికి వెళ్ళి, నా పని ఏంటో అందరికీ వివరంగా చెప్పి, ఒప్పుకున్నవాళ్ళ దగ్గరే ఫోన్ రికార్డరు ఆన్ చేసి, తాలు ఏరుతూ కూర్చున్నాను. ఇది పరీక్ష కాదని, మార్కులు ఉండవని చెబితే ఒకామె, మరి ఎందుకమ్మా అంత చదువు అంది. మామయ్యను కూడా మళ్ళీ కలిశాను. ఆయన జవాబులకు రికార్డరు ఛార్జింగు చాలలేదు.

కమిటీ రోజు మొదటి స్లైడు చదివాను. రెండో స్లైడు దగ్గర ఆగిపోయాను. ఏసీ శబ్దం మళ్ళీ అందరం విన్నాం. పోయినసారి మంచినీళ్ళు తాగమన్న ఆయన గ్లాసు వైపు చెయ్యి చాపబోతుంటే, మా అమ్మ మీకు చెప్పమన్న సంగతి ఒకటుంది సార్ అన్నాను. సూది సంగతి చెప్పాను. అక్కడ్నుంచి కల్లం, ఇస్త్రీ చొక్కా, వసారా ఊడ్చిన చీపురు, అన్నీ వచ్చాయి. ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. 

ముగ్గురు ప్రొఫెసర్లూ శ్రద్ధగా విన్నారు. విన్నాక అసలు నా మాట ఎందుకు తగ్గి ఉంటుందన్న చర్చలో పడ్డారు. ఒకాయన బళ్ళో ఎవరో పంతులు కొట్టి ఉంటాడన్నాడు. రెండో ఆమె ఇంట్లో గారాబం ఎక్కువై ఉంటుందన్నది. మంచినీళ్ళ ఆయన, పల్లెల్లో ఆడపిల్లల్ని అణచివేసే పెద్ద వ్యవస్థే ఒకటుందని, దానివెనక ఎవరెవరికి లాభమో చెప్పుకొచ్చాడు. ఒక్కరి దగ్గరా ఆధారం లేదు. నన్ను అడగాలని ఒక్కరికీ తోచలేదు. చివరికి ‘పురోగతి సంతృప్తికరం’ అని రాసి, పని కొనసాగించమన్నారు. మా సారు తలుపు దగ్గర నా వైపు చూసి, ఆ ముగ్గురి నమ్మకాలనూ కూడా ఒక అధ్యాయం చేయకూడదా అని గుసగుసగా అడిగాడు.

బయటికి వచ్చి అమ్మకు ఫోన్ చేశాను. పాసయ్యాను అన్నాను. ఆ మాటే ఆమెకు అర్థమవుతుంది.

“సూది సంగతి చెప్పావా?”

చెప్పానన్నాను.

“నమ్మారా?”

నమ్మలేదు గానీ పాస్ చేశారు అన్నాను. అవతల కుక్కరు కూత వినపడింది. అమ్మ స్టవ్వు తగ్గించి వచ్చింది.

“వాళ్ళు నమ్మరులే,” అంది. “పెద్ద చదువులోళ్ళు. దాంట్లో వాళ్ళ చెయ్యి కూడా ఉంటది.”